వేలూరు, గుడియాత్తము పేటలలో బాలయువజనుల కళాశిక్షణము

1. విషయ ప్రస్తావన

పట్టణములలోని పేటలయందు నివసించు బాలబాలికలకును, యువజనులకును పాట, ఆట, వాద్యము, నాటకము, చిత్రలేఖనము మున్నగు కళలను బడివేళలకు వెలుపల, ఆ పేటవారి పూనికతోనే నేర్పు పద్ధతి నేడు అనేక దేశములలో వ్యాప్తి చెందియున్నది. దీనికి పెట్టిన పేర్లు క్రొత్తవి. పని మాత్రము మనకు క్రొత్తది కాదు. భజనమందిరము, కోలాటపు జట్టు, భారతపు మిట్ట, జాతరవేషము, ఇవన్నియు మన పెద్దలు ఏ పాఠ్యప్రణాళికయు వ్రాసికొనకయే నడపిన కళాశాలలు. వానిలో చేరుటకు పరీక్ష లేదు, జీతము లేదు, వీథిలో పుట్టుటయే ప్రవేశార్హత.

ఈ వ్యాసమున మూడు ప్రశ్నలను విచారింప దలచితిని. వేలూరు, గుడియాత్తము ప్రాంతపు తెలుగు పేటలలో ఈ శిక్షణము ఏ రూపమున ఉండెడిది? దానివలన పిల్లలకు నిజముగా చేకూరునది యేమి? నేటి పరిస్థితులలో, ముఖ్యముగా మాతృభాషాలిపి పిల్లల చేతినుండి జాఱిపోవుచున్న ఈ కాలమున, మన సంఘములు చేయదగినది యేమి? 2011 జనాభా లెక్కల ప్రకారము తమిళనాట తెలుగును మాతృభాషగా చెప్పుకొన్నవారు సుమారు 42 లక్షలమంది, అనగా నూటికి ఆఱుగురికంటె కొంచెము తక్కువ. ఇంతమంది పలుకు భాషను వ్రాయగల పిల్లలు ఎందఱని ప్రశ్నించుకొన్నప్పుడు ఈ విషయమునకు గల ప్రాముఖ్యము తెలియగలదు.

2. ప్రాంత పూర్వరంగము

మన పెద్దలు వేలూరును రాయవేలూరు అని వ్యవహరించెడివారు. విజయనగరపు ఆరవీటి రాజులు కడపటి కాలమున చంద్రగిరితోపాటు వేలూరును కూడ రాజధానిగా చేసికొని యేలిరి. వారికి పూర్వము వేలూరి నాయకుడైన చినబొమ్మనాయకుడు అప్పయ్యదీక్షితుల వంటి మహావిద్వాంసుని ఆదరించెను. కావున విద్యకును కళకును ఈ యూరు పాతకాపు.

తరువాతి కాలపు పరిపాలన చరిత్ర యింకను ముఖ్యమైనది. 1911 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లా ఏర్పడువఱకు చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలు వేలూరు, గుడియాత్తములతోపాటు ఒక్క ఉత్తరార్కాటు జిల్లాలోనివే. ఆ జిల్లాకు ముఖ్యపట్టణము చిత్తూరు. విభజన జరిగిన పిమ్మట వేలూరు ముఖ్యపట్టణమయ్యెను. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడగా ఆ జిల్లా సరిహద్దే రాష్ట్ర సరిహద్దయ్యెను. పటాస్కరు తీర్పు ననుసరించి 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి మున్నగు భాగములు మద్రాసు రాష్ట్రమున చేరెను. 1989లో ఉత్తరార్కాటు రెండుగను, 2019లో వేలూరు జిల్లా మూడుగను చీలెను. ఇన్ని గీతలు గీయబడినను గుడియాత్తమునుండి పరదరామి మీదుగా చిత్తూరికి పోవు బాట మాఱలేదు. ఆ బాటమీద సంతసరకుతోపాటు పెండ్లిపాటలు, భజనకీర్తనలు, నాటకపు జట్లు కూడ ఇటునటు నడచుచునే యుండెను. గుడియాత్తపు తెలుగు చిత్తూరు తెలుగునకు తోబుట్టువగుటకు ఇదియే హేతువు. మన ఇండ్లలో నేటికిని వినవచ్చు 'పిలకాయలు', 'వస్తా ఉండాడు' అను పలుకుబళ్లు ఈ చుట్టఱికమునకు సాక్ష్యములు.

సర్కారు లెక్కలకొఱకు గీచిన గీత కళలను విభజింపలేదని గ్రహించుట ఈ చర్చకు మొదటి మెట్టు. ఇచ్చటి జానపదకళలలో ఇది తెలుగువారిది, ఇది తమిళులది అని తెగ్గొట్టి చెప్పుట అనేక సందర్భములలో అసాధ్యము, అనవసరము కూడ.

3. పేటలు, పనులు, పిల్లలు

గుడియాత్తము కౌండిన్యానది యొడ్డున వెలసిన మగ్గాల యూరు. లుంగీల నేత, అగ్గిపెట్టెల తయారి, బీడీల చుట్టుట ఇచ్చటి ముఖ్యవృత్తులు. వేలూరు కోటను, అంగడివీథులను, ఆసుపత్రిని ఆశ్రయించి పెరిగిన పట్టణము. 2008లో నగరపాలక సంస్థ అయ్యెను. ఈ రెండు ఊళ్లలోను తెలుగిండ్లు చాలవఱకు తమిళుల యిండ్లతోను, ఉర్దూ మాట్లాడు వారి యిండ్లతోను గోడకు గోడగా ఉన్నవి.

నేత, బీడీ, అగ్గిపెట్టె, ఈ మూడును ఇంటిలో కూర్చుండి చేయదగిన పనులు. అందువలననే పిల్లల చేతులు వానిలోనికి సులభముగా లాగబడెను. 1986 నాటి బాలకార్మిక నిషేధ చట్టము బీడీలు చుట్టుటను, అగ్గిపెట్టెల తయారిని, బట్టల నేతను పిల్లలను నియోగింపరాని పనుల పట్టికలో చేర్చెను. 2016లో దానిని సవరించి, పదునాలుగేండ్లలోపు వారిని ఏ పనిలోనైనను నియోగించుటను నిషేధించిరి; బడివేళల తరువాత, అపాయము లేని కుటుంబవృత్తిలో సాయపడుటకు మినహాయింపు నిచ్చిరి. చట్టము పిల్లలను బడికి పంపెను. కాని సాయంకాలము అయిదుగంటల తరువాత ఆ బాలుడు ఎచ్చట ఉండవలెనో చట్టము చెప్పజాలదు. ఇల్లు ఇఱుకు, ఆటస్థలములు కొలదిగా మిగిలినవి, చేతిఫోను మాత్రము అందఱికిని అందుబాటులో నున్నది. ఆ రెండుగంటల కాలము ఎవరిచేతిలో ఉండునో, ఆ బాలుని మనస్సును వారిచేతిలోనే యుండును. సామూహిక కళాశిక్షణమునకు చోటు సరిగా ఇచ్చటనే కలదు.

4. జాతర యను పాఠశాల

గుడియాత్తములో వైకాశి మాసము మొదటి దినమున, అనగా మే నెల నడుమ, గంగమ్మ శిరస్సు ఉత్సవము జరుగును. అమ్మవారి శిరస్సును ముత్యాలమ్మ గుడినుండి ఊరేగింపుగా తెచ్చి గంగమ్మ గుడిలోని దేహమునకు అమర్చుదురు. దీనికి మూలము జమదగ్ని యాజ్ఞచే పరశురాముడు తల్లియైన రేణుక శిరస్సును ఖండించిన కథ. ముత్యాలమ్మ, గంగమ్మ అను ఈ పేర్లు తెలుగునాట ప్రతి పల్లెకును ఎఱుకయైనవే. ఊరేగింపునకు ముందు కఱ్ఱసాము, పులివేషము, వాద్యములు సాగుచుండగా వేలకొలది జనము వీథులలో నిండును.

ఇంచుమించు అదే కాలమున తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగును. అచ్చట వారముదినముల పాటు బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి మున్నగు వేషములు వరుసగా వచ్చును. చిన్నపిల్లలు మొదలు పెద్దల వఱకు ఒడలికి రంగులు పూసికొని వేషములతో వీథులలో తిరిగి మ్రొక్కులు చెల్లింతురు. మ్రొక్కుబడి యగుటచే సిగ్గునకు తావులేదు. పదిమంది ముందు నిలుచుటకు జంకు బాలుడు రంగు పూసికొన్న మాత్రముననే ధైర్యవంతుడగును. నేటి నాటకోపాధ్యాయులు పలు అభ్యాసములచే సాధింపజూచు ఫలమును జాతర ఒక్క ఉదయమున సాధించుచున్నది.

రెండవ పాఠశాల భారతోత్సవము. ఉత్తరార్కాటు, చిత్తూరు ప్రాంతములలో ద్రౌపదీ సమేత ధర్మరాజస్వామి గుడులు అనేకములు కలవు. వాని తిరునాళ్లు సాధారణముగా పదునెనిమిది దినములు సాగును. పగలు భారత కథాకాలక్షేపము, రాత్రి నాటకము. చిత్తూరు వైపున తెలుగు హరికథ, వీథినాటకము. తమిళ ప్రాంతమున విల్లిభారత పఠనము, తెరుక్కూత్తు. అర్జునుని తపస్సుమాను ఎక్కుట, మట్టితో చేసిన దుర్యోధనుని మహాకాయముపై భీముని గదాప్రహారము, కడపట అగ్నిగుండ ప్రవేశము, ఇవి ఇరువైపుల సమానములు. అమెరికా పండితుడు ఆల్ఫ్ హిల్టెబైటెల్ 1988లో ప్రకటించిన ద్రౌపదీ ఆరాధన గ్రంథమునను, రిచర్డ్ ఫ్రాస్కా 1990లో ప్రకటించిన తెరుక్కూత్తు గ్రంథమునను ఈ నాటకమునకును ఆరాధనకును గల సంబంధము విస్తరముగా చర్చింపబడినది. మనకు ఇంటిముందరి విషయము వారికి మహాపరిశోధన యయ్యెను.

ఈ ఉత్సవములలో పిల్లలు ప్రేక్షకులుగా మాత్రమే యుండలేదు. తెర పట్టుట, దీపము చూచుట, కిరీటములకు అద్దపుబిళ్లలు అంటించుట, వంతపాడుట, బాలకృష్ణుని వేషము కట్టుట, ఇట్లు మెట్టుమెట్టుగా ఎదిగి ఒకనాడు కర్ణవేషము కట్టెడివారు. మే నెలలో బడులకు సెలవు లుండుట కూడ ఈ శిక్షణమునకు అనుకూలించెను.

5. కోలాటము నేర్పునది యేమి?

ఉదాహరణమునకు కోలాటమును కొంచెము నిదానముగా పరిశీలింతము. జతసంఖ్యలో పిల్లలు వలయముగా నిలుతురు. ఒక్కొక్కరిచేత రెండేసి కోలలు. గురువు పాట ఎత్తుకొని తాళము వేయగా జతగాని కోలకు కోల తాకించి, ప్రక్కకు తిరిగి, చోటు మార్చి, మఱల మొదటి చోటికి వత్తురు. ఇట్టి వరుసలకు 'కోపు' అని పేరు. కోపు మాఱినపుడెల్ల అడుగు మాఱును. నడక క్రమముగా వేగమగును. ఒక్క బాలుడు అడుగు తప్పినను వలయమంతయు నిలిచిపోవును. కాబట్టి చురుకైనవాడు తాను ముందు పోయి ప్రయోజనము లేదు. ప్రక్కవానికి నేర్పినగాని తన యాట సాగదు. తరగతిలో మొదటివాడు, కడపటివాడు అను భేదముతో పెరిగిన పిల్లలకు ఇది సరిక్రొత్త యనుభవము.

జడకోలాటము ఇంకను విశేషము. నడుమ పైనుండి త్రాళ్లు వ్రేలాడదీసి ఒక్కొక్క కొనను ఒక్కొక్కరి చేతి కిత్తురు. పిల్లలు లోపలికిని వెలుపలికిని మాఱుచు ఆడుచుండగా త్రాళ్లు జడగా అల్లుకొనును. పిదప అదే వరుసను వెనుకనుండి మొదటికి ఆడగా జడ విడిపోవును. అల్లుటకంటె విప్పుట కష్టము, ఏలయన ప్రతి యడుగును తలక్రిందుగా జ్ఞాపకము పెట్టుకొనవలెను. పడుగు పేకల నడుమ పుట్టిపెరిగిన మగ్గపుటింటి పిల్లకు ఈ లెక్క వెంటనే పట్టుబడుట సహజము. గణితమున వెనుకబడినట్లు కనబడు పిల్లలు కొందఱు ఈ ఆటలో ముందుండుటను ఉపాధ్యాయులు గమనింపవలెను. ఆ పిల్లకు లేనిది బుద్ధి కాదు, బుద్ధికి తగిన వాకిలి మాత్రమే.

చెక్కభజనలో చేతి చెక్కలు, కాలి అడుగు, నోటి పాట, ఈ మూడును ఒక్క లయలో నడువవలెను. పలక వాయించువానికి అందఱి నడకను వినుట ముఖ్యము. వీథినాటకమున హాస్యగాడు రాజుమాటను సామాన్యుని మాటలోనికి మార్చి చెప్పుచు ఒక భావమును రెండు స్థాయిల భాషలో పలుకు నేర్పును చూపును. వ్యాకరణ పాఠమున గంటసేపు చెప్పినను ఎక్కని భేదము ఇచ్చట నవ్వుతో ఎక్కును.

6. ఇతరత్ర జరిగిన ప్రయత్నములు

ఈ మార్గమున ఇతరులు చేసిన పనులను కొన్నింటిని సంగ్రహముగా స్మరింతము.

అమెరికాలోని చికాగో నగరమున జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అను వనితలు 1889లో హల్ హౌస్ అను నివాసమును నెలకొల్పి, నానాదేశములనుండి వలస వచ్చిన కూలిజనుల పిల్లలకు సంగీతము, నాటకము, చేతిపనులు నేర్పించిరి. వెనెజువేలా దేశమున హోసే ఆంటోనియో అబ్రేయు 1975లో ప్రారంభించిన బాలవాద్యబృందముల ఉద్యమము పేదపిల్లల చేతికి వాయులీనము నిచ్చి దేశమంతట వ్యాపించెను. ఈ రెండింటను కళ బీదవానికి దానముగా పెట్టిన వస్తువు కాదు. పదుగురితో కలిసి జీవించు నేర్పునకు సాధనము.

మనవారిలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల కృషి చిరస్మరణీయము. 'రేడియో అన్నయ్య', 'రేడియో అక్కయ్య' అని పిల్లలచే పిలువబడిన వీరు మద్రాసు నగరమున బాలానంద సంఘమును నడపి, రేడియోలో పిల్లలచేతనే పాటలు, నాటికలు పలికించిరి. 1945లో 'బాల' అను మాసపత్రికను ప్రారంభించిరి. తెలుగు పిల్లలకొఱకు తమిళ నగరము నడుమ వెలసిన ఈ సంస్థ మన ప్రస్తుత విషయమునకు అతిసన్నిహితమైన నిదర్శనము. పాట, మాట, అచ్చు, ఈ మూడింటిని వీరు విడదీయలేదు. పిల్లవాడు విన్నదానిని పాడెను, పాడినదానిని చదివెను.

ప్రభుత్వపక్షమున, 1956లో నెహ్రూ ప్రోత్సాహముచే ఢిల్లీలో బాలభవనము వెలసెను. తమిళనాట కళాసంస్కృతుల శాఖవారు జవహర్ శిఱువర్ మన్ఱము అను పేర 5 మొదలు 16 ఏండ్ల వయస్సు పిల్లలకు గానము, నాట్యము, జానపద నృత్యము, చిత్రలేఖనము మున్నగువానిని నేర్పించుచున్నారు. 2022లో పాఠశాల విద్యాశాఖవారు ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు 'కలైత్ తిరువిళా' అను కళోత్సవమును ఆరంభించి, బడి మొదలు రాష్ట్రమువఱకు మెట్టుమెట్టుగా పోటీలు జరుపుచున్నారు. కేరళమున 1957 జనవరిలో మొదలైన పాఠశాల కలోత్సవమున తమిళ, కన్నడ పద్యపఠనములకు కూడ చోటు కలదు. ఒక రాష్ట్రము తన మైనారిటీ భాషల పిల్లలను వేదిక నెక్కించిన ఈ పద్ధతి అనుసరింపదగినది.

మనకు దగ్గఱనున్న కాంచీపురమున తెరుక్కూత్తు కళాకారుడు పి. రాజగోపాల్, డచ్చి పరిశోధకురాలు హానె డె బ్రూయిన్ కట్టైక్కూత్తు సంఘమును 1990లో స్థాపించి, 2002లో ఒక గురుకులమును నెలకొల్పిరి. అచ్చట పిల్లలు ఉదయము బడిచదువును, తక్కిన వేళల నాటకవిద్యను నేర్చిరి. అంతకుముందు పురుషులే ఆడుచుండిన ఈ నాటకమున బాలికలు కూడ కిరీటము ధరించి భీమార్జున వేషములు కట్టిరి. ఆ గురుకులము 2020లో మూతపడినను అది నిరూపించిన సత్యము నిలిచియున్నది: కళను వృత్తిగా నేర్చువాడు చదువును వదలవలసిన పని లేదు, చదువుకొఱకు కళను వదలవలసిన పనియు లేదు.

7. లిపి సమస్య

ఇప్పుడు మన ముఖ్యసమస్యకు వత్తము. 2006 నాటి తమిళాభ్యసన చట్టము 2006-07 విద్యాసంవత్సరమున ఒకటవ తరగతితో ఆరంభమై ఏటేట ఒక్కొక్క తరగతికి విస్తరించెను. తమిళము మొదటి భాష, ఆంగ్లము రెండవ భాష యయ్యెను. మాతృభాష ఐచ్ఛికవిషయముగా నాలుగవ భాగమున నిలిచెను. మైనారిటీ భాషల విద్యార్థుల విషయమున న్యాయస్థానములు ఆయా సంవత్సరములలో మినహాయింపులు ఇచ్చుచు వచ్చినవి. 2023లో సుప్రీముకోర్టు కూడ అట్టి మినహాయింపును ఒక యేడు పొడిగించెను. తమిళము నేర్చుట మనకు లాభమే. ఈ గడ్డమీద బ్రదుకువానికి అది ఆవశ్యకము కూడ. అందు వివాదము లేదు. కాని మార్కులకు సంబంధము తగ్గిన విషయమునందు తల్లిదండ్రుల శ్రద్ధయు తగ్గుట లోకసహజము. రాజ్యాంగపు 350-ఏ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యములు కల్పింపవలెనని చెప్పుచున్నది. ఆ సౌకర్యమును కోరి వచ్చు పిల్లలు బడిలో ఉండవలెను గదా!

ఫలితము తరగతిలో ప్రత్యక్షముగా కానవచ్చుచున్నది. ఇంట తెలుగు చక్కగా మాట్లాడు పిల్ల ఒక తెలుగు పాటను వ్రాసికొనవలసి వచ్చినపుడు తమిళ లిపిలో వ్రాసికొనును. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒక్కటే అక్షరము. ట, డ లకు ఒక్కటే. ప, బ లకు ఒక్కటే. కావున 'పాట' అనియు, 'బాట' అనియు, 'పాడ' అనియు వ్రాసినచో మూడును ఒక్కతీరుగనే యుండును. 'కాలి' యన్నను 'గాలి' యన్నను ఒకటే. తమిళ భాషకు ఆ లిపి సంపూర్ణముగా చాలును. దాని ధ్వనులకు అది తగినది. తెలుగునకు చాలదు. ఈ సంగతి తెలిసియే త్యాగరాజ కీర్తనలను తమిళ లిపిలో ముద్రించువారు అక్షరముల ప్రక్కన 2, 3, 4 అను అంకెలు చేర్చి ధ్వనిభేదమును సూచించుచున్నారు. మన పిల్లల నోటుపుస్తకములలో ఆ అంకెలు లేవు.

నేడు ఆ పిల్ల పాటను తప్పుగా పాడదు. ఏలయన అవ్వ నోటివెంట విన్నది. అవ్వ పోయిన పిమ్మట, ఆ నోటుపుస్తకము మనుమరాలి చేతికి చిక్కినచో, అందున్నది పాటయో బాటయో చెప్పువారు ఉండరు. నోటిమాట ఒక్క తరమువఱకు వచ్చును. లిపి లేనిచో అది అచ్చటనే ఆగును. కళాశిక్షణమునకును లిపికిని ముడి పెట్టవలసిన యగత్యము ఇచ్చట కలదు. 'చదువు' అని పిలిచినచో రాని పిల్ల 'కోలాటము' అని పిలిచినచో వచ్చును. తాను ఆడు పాటను చూచి పాడవలెనన్న కోరికతో అక్షరములు నేర్చును.

8. ఆక్షేపణలు, సమాధానములు

మొదటి ఆక్షేపణ: ఆటపాటలచే చదువు చెడునని. వారమునకు రెండు సాయంకాలములు, ఒక్కొక్క గంట, దీనివలన చెడు చదువు లేదు. ఫోనునకు పోవు కాలముతో పోల్చినచో ఇది స్వల్పము. ఏడాది పరీక్షలకు నెలనాళ్లు ముందు శిక్షణము ఆపివేయవచ్చును.

రెండవది: పలక, పులివేషము వంటివి 'మనవారు' చేయదగినవి కావని. ఈ మాట వెనుక కులాభిమానము కలదు. పలక వాయించినవారిని వీథి చివర నిలిపి, ఆ పలక లేనిదే జాతరను నడపుకొనలేకపోయిన సంఘము మనది. కళను గౌరవించి కళాకారుని అవమానించుట ఇకనైన మానవలెను. పేటలో శిక్షణము పెట్టినపుడు పలక నేర్పు పెద్దను కూడ సంగీతము నేర్పువారితో సమానముగా 'గురువు' అని పిలిచి, సమానమైన పారితోషికము ఇచ్చినపుడే ఆ శిక్షణము శిక్షణము.

మూడవది: బాలికలను సాయంకాలము ఎట్లు పంపుట యని. ఇది న్యాయమైన భయము. దీనికి మాటలచే గాక ఏర్పాటుచే సమాధానము చెప్పవలెను. చీకటి పడకముందే ముగించుట, వీథికి ఎదురుగా తలుపులు తెఱచియుంచిన స్థలమున నేర్పుట, ఇద్దఱు తల్లులు వంతులవారీగా కూర్చుండుట, స్త్రీలే గురువులుగా ఉండుట, ఇవి ఖర్చులేని యేర్పాట్లు.

నాల్గవది: తెలుగు పిల్లలకు మాత్రమే పెట్టినచో ఇరుగుపొరుగున భేదము పుట్టునని. నిజమే. కాబట్టి తలుపు అందఱికిని తెఱవవలెను. తమిళ బాలుడు తెలుగు పాటకు కోల వేయుటయు, తెలుగు బాలుడు తెరుక్కూత్తు అడుగు నేర్చుటయు ఈ ప్రాంతపు సహజధర్మము. తంజావూరు జిల్లా మెలట్టూరులో తరతరములుగా నృసింహజయంతికి తెలుగు భాగవతమేళ నాటకములు ఆడుచున్నారు; తమిళ ప్రేక్షకులు ఆదరించి చూచుచునే యున్నారు. భాష పంచుకొన్నందున తఱగదు.

9. కార్యక్రమ ప్రణాళిక

పై విచారణనుబట్టి మన సంఘములు ఆచరింపదగిన పనులను కొన్నింటిని సూచించుచున్నాను.

మొదట పెద్ద భవనములను గూర్చి ఆలోచింపరాదు. భజనమందిరము, గుడిమండపము, కల్యాణమండపపు వరండా, బడి యావరణ, వీనిలో ఏదో యొకటి ప్రతి పేటలోను దొరకును. ఇరువదినలుగురు పిల్లలు, ఒక గురువు, నలువదియెనిమిది కోలలు, ఒక జత తాళములు, ఒక పలక, ఇంతటితో పని మొదలగును.

రెండవది పాటల సేకరణము. పేటలోని వృద్ధులు పాడు పాటలను పిల్లలే పోయి అడిగి, పెద్దల యనుమతితో ఫోనులో ధ్వనిముద్రణము చేయవలెను. ఏ పని చేయుచు పాడునది, ఎవరియొద్ద నేర్చినది అని వ్రాసికొనవలెను. బిరుదురాజు రామరాజుగారు 1958లో ప్రకటించిన జానపదగేయ పరిశోధనకును, మిక్కిలినేని రాధాకృష్ణమూర్తిగారు సంతరించిన జానపద కళారూపముల గ్రంథమునకును మూలధనము ఇట్లు గ్రామగ్రామమున వినిన పాటయే, చూచిన ఆటయే. అట్టి సేకరణము మన సరిహద్దు పేటలలో జరుగవలసినది మిక్కుటముగా నున్నది. కుప్పమున 1997లో వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయము మనకు దూరము కాదు; సేకరించినదానిని పరీక్షించి భద్రపఱచుటకు వారి సాయము కోరవచ్చును.

మూడవది లిపి. సేకరించిన పాటను తెలుగు లిపిలో పెద్దయక్షరములతో వ్రాసి గోడకు వ్రేలాడదీయవలెను. ఆటకు ముందు పది నిమిషములు ఆ పాటను వ్రేలితో చూపుచు చదివింపవలెను. ఒక్కొక్క పాటలో క్రొత్తగా వచ్చు నాలుగైదు అక్షరములను మాత్రమే నేర్పవలెను. సంవత్సరమున పండ్రెండు పాటలు వచ్చునప్పటికి వర్ణమాల పూర్తియగును. పిల్లలు తమచేతితో వ్రాసిన పాటల పుస్తకము ఏడాది కడపట ప్రతి యింటికిని చేరవలెను.

నాల్గవది ప్రదర్శనము. నేర్చినది పదుగురు చూడకున్నచో పిల్లల యుత్సాహము నిలువదు. ఉగాది, శ్రీరామనవమి, గంగమ్మ జాతర, బడి వార్షికోత్సవము, ఇవి యున్నవి. తిరుమల బ్రహ్మోత్సవములలో వాహనసేవల ముందు కోలాటము, చెక్కభజన జట్లు ఆడుచుండుట అందఱును ఎఱిగినదే. అచ్చటికి పోవుట పిల్లలకు ఒక గమ్యముగా చూపవచ్చును. ప్రభుత్వ కళోత్సవములలో మన పిల్లలు చేరునట్లు చూచుటయు, ఆ వేదికలమీద మైనారిటీ భాషల పద్యపఠనమునకు స్థిరమైన చోటు కల్పింపుమని సంబంధిత శాఖలను వినయముతో కోరుటయు సంఘముల పని.

అయిదవది గురువుల పోషణము. ఉచితముగా నేర్పుమనుట తేలిక. నేర్పినవాడు మఱునాడు మగ్గములో కూర్చుండవలెనని మఱచుట యింకను తేలిక. సన్మానమునకు తెచ్చు శాలువాల ఖర్చులో సగమైనను నెలనెల పారితోషికముగా మార్చినచో ఒక పేటలో ఏడాదిపాటు శిక్షణము నడువగలదు.

10. ముగింపు

గుడియాత్తపు మగ్గమున పడుగు ముందుగా సిద్ధము చేసియుంచుదురు. పేక దినదినము నేయువాడు వేయవలెను. మన పెద్దలు జాతర, భారతము, భజన, కోలాటము అను పడుగును పోసి మనకు అప్పగించిరి. ఇంట తెలుగు మాట యింకను మిగిలియున్నది. పాట తెలిసిన అవ్వలు ఇంకను జీవించియున్నారు. పిల్లలు వీథిలోనే యున్నారు. ఈ మూడును ఒక్కచోట ఉండు కాలము ఇంక ఎన్నియో యేండ్లు సాగునని నమ్మి కూర్చుండుట వివేకము కాదు. వార్షికసభలలో తీర్మానములు చేయు మన సంఘములు, ఈ యేడు ఒక్కొక్క పేటలో ఒక్కొక్క జట్టునైనను ప్రారంభించి, మరుసటి సంచికలో ఆ పిల్లలు తెలుగు లిపిలో వ్రాసిన పాటలను అచ్చువేయింపగలిగినచో ఈ వ్యాసమునకు అంతకుమించిన ఫలము వేఱొకటి యుండదు.